సిదొనీ అత్త కుర్చీల నడక

కిర్‌ర్‌ర్‌...

మోంగ్రీవ్‌లో తెల్లవారేది కోడికూతతో కాదు, రాతినేల మీద కుర్చీకాళ్ళు ఈడ్చిన ఆ చప్పుడుతో. పొగమంచు ఇంకా చెస్ట్‌నట్ చెట్ల భుజాల మీంచి దిగకముందే ఆ చప్పుడు చర్చి తలుపు సందులోంచి బయటికొచ్చేది. వీధి దాటి, ఇవెత్ కాఫీకొట్టులో గ్లాసులకి గిలిగింతలు పెట్టేది. కొత్తవాళ్ళెవరైనా ఉలిక్కిపడి "ఏమిటది?" అంటే, ఇవెత్ గ్లాసు తుడుస్తూ తలెత్తకుండానే చెప్పేది:

"ఏం లేదు. ఊరు సర్దుకుంటోంది."

చప్పుడు తరవాత మనిషి కనపడేది. ముందు తలుపులోంచి చీపురు, దాని వెనక మగవాళ్ళ బూట్లు, ఆ పైన నల్లగౌను, ఆఖర్న అప్పుడే ఆరిన కొవ్వొత్తి మీద పొగలా తెల్లటి జుట్టు. ఆమే సిదొనీ అత్త. ఊరందరికీ అత్తే. ఆమెకి పనొక్కటే, పిచ్చి కూడా ఒక్కటే: చర్చిలో కుర్చీలు జరపడం.

ఆ చర్చిలో బల్లలు లేవు. అన్నీ గడ్డి అల్లిన కుర్చీలే. ఇంటికో కుర్చీ, దాని వీపున ఇత్తడిరేకు మీద ఇంటిపేరు. ఇళ్ళు మూతబడ్డాయి, మనుషులు పోయారు, కుర్చీలు మాత్రం పోలేదు. సిదొనీ అత్త వాటిని రోజూ తుడిచేది, పేరుపెట్టి పలకరించేది. "ఏం షస్తాఁ గారూ, మళ్ళీ కుంటుతున్నారే? సాయంత్రానికి వానన్నమాట." షస్తాఁ గారు పోయి చాలా కాలమైంది. అయినా ఆయన కుంటిన రోజున ఊళ్ళో వాన తప్పేది కాదు.

ఎవరి కుర్చీలో వాళ్ళే కూర్చోవాలి. ఈ నియమానికి తిరుగులేదు. ఒక వేసవిలో పారిస్ నుంచి వచ్చిన దంపతులు పూజకని వచ్చి, ఖాళీగా ఉంది కదా అని ఒకచోట కూలబడ్డారు. సిదొనీ అత్త చీపురుతో సహా వచ్చి నిలబడింది.

"అది మదామ్ దెలూర్ కుర్చీ."

"క్షమించండి. ఆవిడ వస్తున్నారా?"

"రాదు. పోయింది."

"అయితే మరి..."

"అందుకే కదా! ఉంటే అడిగి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు ఎవర్ని అడగను?"

ఆ దంపతులు పూజంతా నిలబడే విన్నారు. బయటికొచ్చాక మదామ్ దెలూర్ సమాధి మీద పూలు పెట్టి వెళ్ళారు. వచ్చే ఏడు కూర్చోవచ్చంది సిదొనీ అత్త.

మేయర్ గస్పార్‌కి ఆ కిర్‌ర్ వింటే పళ్ళు పులిసేవి. ఆయన దేవుణ్ణి నమ్మడు. చర్చిని నమ్ముతాడు. ఎందుకంటే దాని కప్పు బాగుచేయించాల్సింది ఆయనే. "గోడలు ఊరివి, కప్పు ఊరిది, గంట ఊరిది. దేవుడు అద్దెకుంటున్నాడు, అదీ అద్దె ఇవ్వకుండా," అనేవాడు. అయినా పూజ ఉన్న ప్రతిసారీ వచ్చి తన కుర్చీలో కూర్చునేవాడు. ఇంటివాడు అప్పుడప్పుడు వెళ్ళి చూసుకోవద్దూ?

పూజ కూడా రెణ్ణెల్లకోసారే. ఫాదర్ కొజోది తోగో దేశం. చుట్టుపక్కల ఎన్ని గంటగోపురాలు కనబడితే అన్నీ ఆయన నెత్తిమీదే ఉండేవి. పూజవస్త్రాన్ని చిన్నకారు వెనక కిటికీకి తగిలించుకుని ఊరి నుంచి ఊరికి పరుగెత్తేవాడు. ఓసారి మోంగ్రీవ్ పీఠం ముందు నిలబడి పక్కఊరి చర్చి పునీతుణ్ణి ఆకాశానికెత్తేశాడు.

"మా పునీతుడు మార్తాఁ, ఫాదర్!" అని ఎవరో అరిచారు.

"ఆయన కూడా మంచివాడే," అని ఫాదర్ కొనసాగించాడు.

ఆయన్ని వేధించింది ఆ కుర్చీలే. వచ్చేది గుప్పెడు మంది. ఒకరు తలుపు దగ్గర, ఒకరు స్తంభం చాటున, ఒకరు పునీత అంతోని విగ్రహం కింద. మధ్యలో ఖాళీ కుర్చీల సముద్రం. "ప్రియ సహోదరులారా" అనాలంటే ఆయన నాలుగు దిక్కులకీ తిరిగి నాలుగుసార్లు అనాల్సి వచ్చేది.

"అందరూ ముందుకొచ్చి దగ్గరదగ్గరగా కూర్చోవచ్చు కదమ్మా?"

"దగ్గరికి వస్తున్నారు ఫాదర్," అంది సిదొనీ అత్త. "మీరు తొందరపడకండి."

"ఎవరు వస్తున్నారు?"

"కుర్చీలు. అవి నడుస్తాయి."

ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నాడు.

అన్నిటికంటే వింత, "ఒకరికొకరు శాంతి చెప్పుకోండి" అన్నప్పుడు జరిగేది. పక్కవాడికి చెయ్యివ్వాలి, కానీ పక్కన ఎవడూ ఉండడు. అందుకని అందరూ నిలబడి, రైలు కదిలిపోతుంటే ప్లాట్‌ఫాం మీద ఊపినట్టు, దూరం నుంచే చేతులూపుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే చాలామందికి అదే హాయి. మోంగ్రీవ్‌లో మనుషుల కన్నా తగువులే ఎక్కువ.

అయినా అప్పుడప్పుడు ఏదో జరిగేది. ఇవెత్‌కీ రొట్టెల కొట్టు రెమీకీ కోడిపుంజు గురించి పెద్ద గొడవ. ఆమె ఏళ్ళ తరబడి పక్కఊరి నుంచి రొట్టె తెప్పించుకుంది. ఒక ఈస్టరునాడు చూస్తే ఇద్దరూ చేతులు కలిపి కనిపించారు.

"వాడు నా పక్కకి ఎప్పుడొచ్చాడో నాకు తెలీదు," అంది ఇవెత్ తరవాత. "తలతిప్పి చూస్తే ఉన్నాడు. చెయ్యి చాపాడు. ఫాదర్ చూస్తున్నాడు. ఏం చెయ్యను మరి?"

రిటైరైన పోస్టుమేన్ లబ్రూస్‌కీ, వితంతువు నోయెలీకీ ఏ తగువూ లేదు. వాళ్ళూ అలాగే ఓ పూజలో పక్కపక్కన తేలారు. ఆర్నెల్లు తిరక్కుండా పెళ్ళి చేసుకున్నారు. ఈ సంబంధం ఎవరు కుదిర్చారని ఊరంతా బుర్రలు బద్దలుకొట్టుకుంటే, సిదొనీ అత్త మాత్రం కాస్త నొచ్చుకున్నట్టు, "అక్కడ నేల వాలు," అని ఊరుకుంది.

ఇక మేయర్ గారి తగువు. అది సొంత తమ్ముడు అనతోల్‌తో.

అడవిలో ఓక్ చెట్ల కింద వాళ్ళ తండ్రి పుట్టగొడుగులు ఏరే చోటొకటి ఉంది. ఎక్కడో చెప్పడానికి లేదు. అలాంటి చోటు మోంగ్రీవ్‌లో భార్యకి కూడా చెప్పరు. తండ్రి పోయేముందు గస్పార్‌ని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. ఆ శరత్కాలమే అనతోల్ బుట్టనిండా పుట్టగొడుగులతో వీధిలో కనబడ్డాడు. గస్పార్ వాటిని ముఖాలు చూసి గుర్తుపట్టాడు.

"అవి నావే!"

"పుట్టగొడుగుల మీద పేర్లుంటాయా అన్నయ్యా?"

"నన్ను వెంబడించావురా, దొంగా!"

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. అంతకుముందు పేకాటలో ఆ అన్నదమ్ముల జోడీ అంటే చుట్టుపక్కల ఊళ్ళు వణికేవి. ఏటా పోటీలో బహుమతిగా ఇచ్చే పందితొడ మోంగ్రీవ్‌కే వచ్చేది. తరవాత గస్పార్ తన ఆఫీసు గుమాస్తాని జోడీగా పెట్టుకుని ఆడాడు. ఆ గుమాస్తా ముక్క వేసేముందు నవ్వేవాడు. పందితొడ పోయింది. పందితొడ పోయినందుకే బాధపడుతున్నాననుకునేవాడు గస్పార్.

ఆ ఏడు అక్టోబరులో అనతోల్ ఇంటి గోడకి 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డు వేలాడింది. లిమూజ్ పట్నంలో గది చూసుకున్నాడట. నవంబరు ఒకటిన సకల పునీతుల పండగ అవ్వగానే ప్రయాణమట.

"పోతే పోనీ," అన్నాడు గస్పార్. "అడవి ఊపిరి పీల్చుకుంటుంది."

ఆ మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసి లేచిపోయాడు.

సరిగ్గా అదే వారంలో అగ్నిప్రమాదాల భద్రత చూసే కుర్రాడొకడు చర్చికి వచ్చాడు. తలమీద హెల్మెట్టు. గోడలు పది తరాలుగా పడలేదు, ఆ రోజు పడతాయేమోనని.

"కుర్చీలు విడివిడిగా ఉండకూడదు," అన్నాడు. "వరసలుగా, ఒకదానికొకటి బిగించాలి. మంటలొస్తే జనం తట్టుకుని పడతారు."

"మంటలా?" అంది సిదొనీ అత్త. "నాయనా, ఆ మూల పొయ్యి చూశావూ? చలికాలమంతా అందరం కలిసి దాన్ని అంటించడానికి చూస్తున్నాం. నీకేమైనా ఉపాయం తెలిస్తే చెప్పు, కాళ్ళకి మొక్కుతా."

"తొక్కిసలాట జరిగితే?"

"తొక్కిసలాటకి కనీసం ఇద్దరు దగ్గరగా ఉండాలి కదా!"

కుర్రాడు గస్పార్ వైపు తిరిగాడు. "పండగలోగా బిగించండి మేయర్ గారూ. లేకపోతే చర్చి మూయించాల్సి ఉంటుంది."

అతను వెళ్ళాక సిదొనీ అత్త మొట్టమొదటిసారి గస్పార్ చొక్కా పట్టుకుంది. "ఇప్పుడే వద్దురా. కాస్త ఆగు."

"ఎందుకు?"

"అవి ఇంకా చేరుకోలేదు."

"కుర్చీలా? ఎక్కడికి చేరుకోవాలి? అవి కుర్చీలత్తా!"

"నీకు చెప్పినా అర్థం కాదు. నీకు కాళ్ళు రెండే."

పండగ ముందురోజు సాయంత్రం గస్పార్ చెక్కపట్టీలు, స్క్రూలు, స్క్రూడ్రైవరూ పట్టుకుని చర్చికెళ్ళాడు. బయట సమాధుల మీద అప్పుడే పెట్టిన చామంతులు, చలికి దగ్గర దగ్గరగా ఒదిగినట్టున్నాయి. లోపల సిదొనీ అత్త నేల మీద కారిన కొవ్వొత్తుల మైనం గీకుతోంది. గస్పార్ మొదటి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నిన్ను మోకాళ్ళ మీద చూడ్డానికి చట్టం రావాల్సొచ్చింది," అంది ఆమె.

గస్పార్ చెక్కపట్టీ కోసం వంగాడు. అతని చూపు నేల మీద ఆగిపోయింది. పడమటి కిటికీ రంగుటద్దాల్లోంచి వాలుగా పడిన ఎండ రాళ్ళ మీద సన్నటి నీళ్ళలా పారుతోంది. ఆ వెలుతురులో, నిలబడి చూస్తే ఎన్నడూ కనపడని గీతలు తేలాయి. రాత్రి నత్తలు నడిచి వెళ్ళిన జాడల్లా తెల్లగా, జంటలు జంటలుగా. ఒక జంట తలుపు దగ్గర మొదలై, ఇంకో జంట ఉత్తరపు గోడ దగ్గర మొదలై, రెండూ మెల్లగా వంగుతూ వచ్చి ఒకచోట కలిశాయి. అక్కడున్నవి ఇవెత్ కుర్చీ, రెమీ కుర్చీ. ఇంకో రెండు జాడలు నోయెలీ, లబ్రూస్ కుర్చీల కింద. నేలంతా అవే. ఊళ్ళోని కోపాలన్నీ మూలమూలల నుంచి బయల్దేరి, కాలినడకన ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చినట్టు.

గస్పార్ మోకాళ్ళ మీదే పాకుతూ పునీత అంతోని విగ్రహం దగ్గర మొదలైన ఒక జాడ పట్టుకున్నాడు. అది చర్చి సగం దాటి తన కుర్చీ కాళ్ళ కింద ఆగింది. ఎదురుగా, స్తంభం వెనక నుంచి బయల్దేరిన ఇంకో జాడ అనతోల్ కుర్చీ కింద ఆగింది. రెండిటి మధ్యా బారెడు కూడా లేదు.

"అత్తా! ఇదేమిటి?"

"చెప్తూనే ఉన్నాగా, నడుస్తాయని. నమ్మితేగా."

"నా కుర్చీ అంతోని కింద ఉండేది! వాడిది స్తంభం చాటున! ఇన్నేళ్ళు... నన్ను అడక్కుండా..."

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"ఒక్కసారే తెచ్చి పక్కన పడెయ్యొచ్చుగా! ఈ దొంగ నడకెందుకు?"

"ఒక్కసారే తెస్తే లేచి పోయేవాడివి. పూజకి వేలెడు జరిపితే కూర్చుని వచ్చావు." మైనం గీకడం ఆపింది. "పక్కన కూర్చున్నవాడికి చెయ్యివ్వక తప్పదు కదా. ఇంకో ఏడాదుంటే అందేది. వాడేమో ఎల్లుండి పోతున్నాడు. నువ్వేమో స్క్రూలు పట్టుకొచ్చావు."

గస్పార్ ముఖం ఎర్రబడింది. "నా పుట్టగొడుగులు దొంగిలించినవాడికి నేను చెయ్యివ్వను. బిగించేది రేపు పూజయ్యాకే. కానీ నా కుర్చీ నాచోటే ఉంటుంది!" అని కుర్చీ వీపు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి, అంతోని విగ్రహం దాకా ఈడ్చుకుపోయాడు. కిర్‌ర్‌ర్ర్! కాఫీకొట్టులో రెండు గ్లాసులు కిందపడ్డాయి.

సిదొనీ అత్త అడ్డుపడలేదు. "ఎత్తి పట్టుకో నాయనా, గడ్డి ఊడిపోతుంది," అంది అంతే.

పండగనాడు చర్చి నిండింది. నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, సమాధుల దగ్గరికి వచ్చి చలికి లోపలికి దూరినవాళ్ళు. అనతోల్ ప్రయాణపు కోటు వేసుకుని వచ్చాడు. తన కుర్చీలో కూర్చుని, పక్కన కొత్తగా ఖాళీ అయిన నేలవైపు చూశాడు. ఆ తరవాత దూరాన అంతోని కింద ఉన్న అన్నవైపు చూశాడు. గస్పార్ కప్పులో చెమ్మ ఎక్కడుందో వెతుకుతున్నట్టు పైకి చూశాడు. రాత్రి సిదొనీ అత్త వచ్చి కుర్చీ మళ్ళీ జరిపి ఉంటుందని అతనికి నమ్మకం. వచ్చేటప్పుడు ఆమెని కేకలెయ్యడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. కుర్చీ అంగుళం కదల్లేదు. ఆ మాటలకి పనిలేకుండా పోయింది.

"ఒకరికొకరు శాంతి చెప్పుకోండి," అన్నాడు ఫాదర్ కొజో.

అందరూ అటూ ఇటూ తిరిగారు. అనతోల్ లేచి నిలబడ్డాడు. చెయ్యెత్తి అన్నవైపు మెల్లగా ఊపాడు. రైలు కదిలిపోతుంటే ఊపినట్టు. ఈసారి నిజంగానే రైలుంది.

గస్పార్ చెయ్యి కూడా పైకి లేచింది. సగం లేచి ఆగింది.

కిర్‌ర్‌ర్‌...

అందరి తలలూ సిదొనీ అత్త వైపు తిరిగాయి. ఆమె హార్మోనియం ముందు కూర్చుని ఉంది. రెండు చేతులూ మెట్ల మీద, రెండు బూట్లూ తొక్కుడుబద్దల మీద. మరి ఈ చప్పుడెక్కడిది?

మేయర్ గారు నడిచి వస్తున్నారు, కుర్చీ ఈడ్చుకుంటూ. కుర్చీ అక్కడే వదిలి రావచ్చని ఆయనకి తోచలేదు. మోంగ్రీవ్‌లో ఏ మనిషికీ తోచదు. సగందూరం వచ్చేసరికి ఎదురుగా ఇంకో కిర్‌ర్ వినబడింది. తమ్ముడు కూడా కుర్చీతోనే బయల్దేరాడు. ఫాదర్ కొజో చేతులు చాపి అలాగే ఉండిపోయాడు. నడిమధ్యలో రెండు కుర్చీలూ ఢీకొన్నాయి. రెండు పొట్టేళ్ళలా.

"శాంతి," అన్నాడు గస్పార్, పన్ను పీకించుకుంటున్నవాడిలా, చెయ్యి చాపి.

"శాంతి," అన్నాడు అనతోల్. చెయ్యి వదల్లేదు. "అన్నయ్యా, నేను నిన్ను వెంబడించలేదు. ఆ చోటు నాన్న పోయేముందు నాకు చెప్పాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు."

గస్పార్ ఖాళీగా ఉన్న రెండో చేత్తో తల గోక్కున్నాడు.

"నాక్కూడా చెప్పాడు," అన్నాడు. "నీకు చెప్పొద్దని."

అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే గోడవైపు తిరిగారు. ఆ గోడ అవతల, చామంతుల కింద, తండ్రి పడుకుని ఉన్నాడు.

"ముసలి నక్క!" అన్నాడు గస్పార్. చర్చిలో, పండగపూట, గట్టిగా. ముందు అనతోల్ నవ్వాడు. తరవాత చర్చి కప్పు కూడా నవ్వినట్టు కాస్త సున్నం రాలింది.

"ఆ చోటెక్కడో కూడా చెప్పెయ్యండి, అందరికీ శాంతి!" అని వెనక నుంచి ఇవెత్ అరిచింది.

"చెప్పం!" అన్నారు అన్నదమ్ములు, ఒకే గొంతుతో.

"నేను పూజ కొనసాగించవచ్చా?" అన్నాడు ఫాదర్ కొజో, అనుమతి ఎవర్ని అడగాలో తెలీక హార్మోనియం వైపు చూస్తూ.

అనతోల్ ప్రయాణం పుట్టగొడుగుల కాలం అయ్యేదాకా వాయిదా పడింది. తరవాత పేకాట పోటీలయ్యేదాకా. తరవాత ఎవరూ అడగలేదు. 'ఇల్లు అమ్మబడును' బోర్డు తిరగేసి రెండు పీపాల మీద పెడితే మంచి పేకాటబల్ల అయింది. మేయర్ ఆఫీసు గుమాస్తా ఇప్పుడు ఊరికే పక్కన నిలబడి నవ్వుకుంటున్నాడు.

పండగ మర్నాడు గస్పార్ మళ్ళీ స్క్రూడ్రైవరుతో చర్చికొచ్చాడు. చట్టం చట్టమే. అన్నదమ్ముల కుర్చీలు రెండిటినీ ఒకే పట్టీకి, అవసరమైనదానికన్నా రెండు స్క్రూలు ఎక్కువేసి మరీ బిగించాడు. సిదొనీ అత్త వెనకే నిలబడి ఒక్కో కుర్చీకీ వీడ్కోలు చెబుతున్నట్టు గుడ్డతో తుడుస్తూ వచ్చింది. చివరి వరస దగ్గర ఆగింది.

"ఆ రెండూ వదిలెయ్."

"ఎవరివి?"

"లబ్రూస్, నోయెలీ. వారం నుంచి మాటల్లేవు. సూపులో ఉప్పు గురించట. వాటిని విడదీసి మళ్ళీ మొదటి నుంచి నడిపించాలి."

గస్పార్ స్క్రూలు జేబులో వేసుకున్నాడు. ఆ రెండు కుర్చీల్నీ తాడుతో, లాగితే ఊడిపోయే ముడి వేసి కట్టాడు. హెల్మెట్టు కుర్రాడు చూస్తే కట్టినట్టే ఉంటుంది.

లేచి, మోకాళ్ళు దులుపుకుంటూ, పొద్దుట్నుంచీ తనకి అనుమానంగా ఉన్నదేదో అడిగాడు. ఇత్తడిరేకులన్నీ చదివాడు. ఒక్క పేరు కనబడలేదు.

"అత్తా, మరి నీ కుర్చీ ఏది?"

సిదొనీ అత్త చీపురు భుజానేసుకుని, వీడికి మేయర్ ఉద్యోగం ఎవరిచ్చారా అన్నట్టు చూసింది.

"నాకు ఊళ్ళో ఎవరితోనూ తగువు లేదుగా నాయనా. నాకెందుకు కుర్చీ?"